ఎడమ దవడలో కీచురాయి కాలు

బుధవారం మధ్యాహ్నం మూడు దాటాక, చెప్పుల ఫ్యాక్టరీ వంటశాలలో, వేయించిన కీచురాయి వెనక కాలు ఒకటి ఆహార పరీక్షా కేంద్రం ఉద్యోగిని నోట్లో, ఎడమ పై దవడ చివరి రెండు పళ్ళ మధ్య ఇరుక్కుంది.

అది ఏ వేళ అనగా: మధ్యాహ్నభోజనసంగ్రామం ముగిసి, పళ్ళేలు తొట్టిలో నేలకూలిన డాళ్ళ వలె ఒకదానిపై ఒకటి పడి, గిన్నెలు శిరస్త్రాణాల వలె అరుగు మీద బోరగిలి, గరిటెలు కొక్కేలకు వేలాడి విశ్రమించి, పొగను లాగే పంకా మాత్రం పగ చల్లారని యోధుని వలె గిర్రున తిరుగుతూ, గోడ అవతల కుట్టు మిషన్ల హోరు రణభేరీనాదమై వినవచ్చుచున్న వేళ. అది ఏ స్థలమనగా: తడిగుడ్డతో అప్పుడే తుడిచిన ఒక రేకు బల్ల. బల్లకు ఇవతల ఉద్యోగిని. అవతల ఆమె వదిన. నడుమ ఒక పళ్ళెం.

ఉద్యోగినిని ఇంట్లో చిట్టి అంటారు. తినదగిన పురుగుల్లో మాంసకృత్తులు ఎన్ని, వాటిలో మనిషికి అరిగేవి ఎన్ని అని తేల్చడం ఆమె పని. మాంసకృత్తులను నేరుగా కొలవరు. పిండిలో ఉన్న నత్రజనిని కొలిచి, దాన్ని ఆరుంపావుతో హెచ్చవేస్తారు. ఆ కొలతలో ఆమె చెయ్యి వణికిందని కేంద్రంలో ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. అందుచేత ఈ గాథలో ఆమె నత్రజనిగణనధురీణ, అనగా నత్రజని లెక్కలో దిట్ట.

వదిన ఆ వంటశాలకు పెద్ద. ఫ్యాక్టరీలో ఎవరు ఏ పూట ఏం తినాలో ఆమె చెబుతుంది, మేనేజరు చెప్పడు. చేతిలో గరిటె లేకుండా ఆమె దిగిన ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంది. అది పెళ్ళి ఫొటో. అందుచేత ఆమె దర్వీహస్త, అనగా గరిటె చేతబట్టినది.

ఈ యుద్ధంలో పణం ఒక గది. పరీక్షా కేంద్రంలో మెట్ల కింద, వెచ్చగా ఉంచిన ఆ గదిలో చిట్టి కొన్నేళ్ళుగా కీచురాళ్ళను పెంచుతోంది. దాని మీద పుట్టగొడుగుల విభాగం కన్నేసింది. సోమవారం డైరెక్టర్ తేల్చి చెప్పారు. ఈ వారంలోగా ఏదో ఒక వంటశాల, ఒక్క పూటైనా, కీచురాళ్ళ పిండితో వండి మనుషులకు పెట్టాలి. పెడితే గది కీచురాళ్ళది. పెట్టకపోతే పుట్టగొడుగులది. చిట్టి ఆయన గదిలోంచి బయటికి రాకముందే పుట్టగొడుగుల విభాగం వాళ్ళు టేపు తెచ్చి మెట్ల కింది గది గోడలు కొలుచుకున్నారు.

చిట్టి వంటశాలల చుట్టూ తిరిగింది. ఆస్పత్రి వంటమనిషి నవ్వాడు. హాస్టల్ వార్డెన్ నవ్వలేదు, తలుపేసుకుంది. బేకరీ యజమాని పిండి తీసుకుని, వాసన చూసి, పిండితోపాటు విజిటింగ్ కార్డు కూడా తిరిగిచ్చేశాడు. ఇక మిగిలింది వదిన. ఆమె దగ్గరికి వెళ్ళడం చిట్టి చివరి దాకా ఎందుకు వాయిదా వేసిందో వదినలు ఉన్నవాళ్ళకు తెలుసు.

"నా వంటింట్లోకి పురుగొస్తే చీపురు తీస్తాను," అంది వదిన. "నువ్వేమో పళ్ళెంలో పెట్టి మరీ తెచ్చావు."

"పురుగు కాదు వదినా. ప్రొటీన్."

"మీ ప్రొటీన్‌కి మీసాలున్నాయి."

"రొయ్యకీ ఉంటాయి. రొయ్యలు తింటావుగా?"

"రొయ్య రాత్రంతా మంచం కింద దూరి కీచుమని అరవదు."

అంతట నత్రజనిగణనధురీణ చంకలో ఉన్న కాగితపు చుట్టను విప్పి, బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఉప్పు డబ్బాలు పెట్టింది. అది కేంద్రం అచ్చువేయించిన పటం. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఆమె ఇలా చదివింది:

"ఈ కీటకజన్య మాంసకృత్తు సమస్తావశ్యకామ్లసమన్వితము. గోధుమాది ధాన్యసంయోగమున సంపూర్ణతాసిద్ధి పొందునది. జీర్ణరసప్రయోగపరీక్షోత్తీర్ణము. శుష్కభారమున నూటికి డెబ్బది పాళ్ళు మాంసకృత్తుగా విరాజిల్లుచు, అల్పభూమిని, అల్పజలమును, అల్పాహారమును మాత్రమే ఆశించి, మానవజాతికి..."

"చిట్టీ," అంది వదిన. "తెలుగులో చెప్పు."

చిట్టి కూర్చుంది.

"గుడ్డుకి వంద మార్కులు వేశామనుకో. దీనికి ఎనభై దాకా వస్తాయి. మన ఒళ్ళు సొంతంగా తయారు చేసుకోలేనివి కొన్నుంటాయి, అవి తిండిలోంచే రావాలి. అన్నీ ఇందులో ఉన్నాయి. ఒకటి రెండు కాస్త తక్కువ, అంతే. గోధుమపిండిలో కలిపితే ఆ లోటూ పోతుంది."

"అరుగుతుందని ఎవరన్నారు?"

"గాజు కడుపు."

గాజు కడుపు అంటే కేంద్రంలో ఉన్న ఒక పాత్ర. అందులో పిండి వేసి, జీర్ణరసాలు పోసి, ఒంటి వేడిలో గంటల తరబడి తిప్పుతారు. చివరికి కరిగింది ఎంత, మిగిలింది ఎంత అని చూస్తారు.

"గాజు కడుపు పళ్ళెం పట్టుకుని నా ముందు నిలబడదు," అంది వదిన. "నా దగ్గరికి వచ్చేవాళ్ళకి మామూలు కడుపులుంటాయి. ముందు నువ్వు తిను, నా ఎదురుగా. తిని, మొహం చిట్లించకుండా, నోట్లో వేలు పెట్టకుండా, కాసేపు నాతో కబుర్లు చెప్పు. అప్పుడు ఆలోచిస్తా."

"అంతేనా?"

"అంతే. అసలు నువ్వెప్పుడైనా ఒక్కటైనా తిన్నావా?"

"ఎన్ని కిలోలు పరీక్ష చేశానో తెలుసా?"

"తిన్నావా అనడిగా."

చిట్టి తినలేదు. కేంద్రంలో ఎవరూ తినలేదు. అక్కడ కీచురాళ్ళను ఎండబెట్టి, మరలో వేసి, పిండి చేస్తారు. పిండినే తూస్తారు, పిండినే గాజు కడుపులో పోస్తారు. ఆ కడుపుకు పళ్ళు లేవు. కీచురాయి వెనక కాళ్ళకు రంపం పళ్ళ లాంటి ముళ్ళు రెండు వరసలు ఉంటాయని కేంద్రంలో అందరికీ తెలుసు. బొమ్మ గీసి గోడకు కూడా తగిలించారు. తినేముందు ఆ కాళ్ళు తుంచెయ్యాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఈసారి పిండి కాకుండా నిండు కీచురాళ్ళనే వేయించి పట్టుకెళ్ళమని సలహా ఇచ్చింది పక్క బల్ల సహోద్యోగి. చూడ్డానికి బాగుంటాయన్నాడు.

చిట్టి ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది.

"ఎలా ఉంది?"

"రొయ్యపొట్టులా ఉంది," అంది చిట్టి. యుద్ధం ముగిసేదాకా ఆమె నోరు బాగా తెరిచి చెప్పిన చివరి మాట అది.

"నువ్వు తిని నన్ను పిరికిదాన్ని చేద్దామనా?" అంటూ వదిన కూడా ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. కాసేపు ఆగింది. మింగింది.

అప్పటికే ఇవతలి దవడలో యుద్ధం మొదలైంది.

మొదటి దండయాత్ర నాలుకది. దంతప్రాకారం లోపలి అంచు వెంట బయలుదేరి, అంగిలి కింది గుహామార్గాన నడిచి, చివరి పన్ను మలుపు తిరిగి, జిహ్వాగ్రం ఆ కాలిని తాకింది. తాకి, వెనక్కి తగ్గింది. కారణం ముల్లు. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తగ్గింది. మూడోసారి బలమంతా కూడగట్టుకుని కింది నుంచి తోసింది. కాలు కదిలింది. కదిలి, పంటి చిగురు వైపు ఇంకొంచెం లోపలికి పోయింది.

కాలు మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే దాని పరాక్రమానికి తగిన పలుకులు ఇవి:

"ఓసీ జిహ్వా! ఎముక లేనిదానా! నీవా నన్ను కదల్చునది? నేను కైటిన్‌కవచధారిని. కీటకకులమున పెంకునకు ప్రాణమైన పదార్థమే నా మేను. కంటకపంక్తిద్వయము నా ఖడ్గము. నాతోడ వచ్చిన మెత్తని మాంసమెల్ల నీ స్వామిని ఉదరమున కరిగి ఆమె కండయగుగాక. నేను కరుగువాడను కాను. ఆమ్లము నన్ను తడుపును, కరగింపజాలదు. రసములు నన్ను చుట్టుముట్టును, చొరజాలవు. అయినను విను. పటమున డెబ్బది అని వ్రాసిరే, ఆ డెబ్బదిలో నేనును ఉన్నాను! నాలోని నత్రజనిని కూడ ఆరుంపావుతో హెచ్చవేసి మాంసకృత్తుల పద్దున చేర్చినది నీ స్వామినియే గదా! లెక్కలో చేరితిని. కడుపులో చేరను. ఇచటనే ఉందును. ఏమి చేయుదువో చేయుము!"

రెండో దండయాత్ర గాలిది. చిట్టి బుగ్గ లోపలికి లాగి, పెదవులు బిగించి, పళ్ళ సందులోంచి గాలి పీల్చింది. 'చ్' అనే శబ్దం బయలుదేరింది. అది బయటపడితే ఓటమి. ఆమె దాన్ని దగ్గుగా మార్చింది.

"జలుబా?" అంది వదిన.

"ఊఁహూఁ."

వదిన రెండు గ్లాసుల్లో టీ పోసింది. మూడో దండయాత్ర టీది. చిట్టి ఒక గుక్క పుచ్చుకుని, మింగకుండా, ఆ ఉష్ణప్రవాహాన్ని ఎడమ దవడకు మళ్ళించి, ఆనకట్ట కట్టినట్టు నిలబెట్టింది. ఎదురుగా వదిన కూడా ఒక గుక్క పుచ్చుకుని మింగకుండా కూర్చుంది. ఇద్దరూ బుగ్గలు ఉబ్బించుకుని ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ మింగారు.

కాలు కదల్లేదు.

షరతు ప్రకారం కబుర్లు చెప్పాలి. చిట్టి మాటల కోసం వెతికింది. పెదవులు ఎక్కువ విడిపోని మాటలు కావాలి.

"అమ్మ ఫోన్ చేసిందా?"

"ఊఁ," అంది వదిన.

"ఏమంది?"

"మామూలే."

అత్తగారి ఫోన్ గురించి వదిన ఒక్క మాటతో సరిపెట్టడం ఆ కుటుంబంలో అదే మొదటిసారి. నత్రజనిగణనధురీణ ఆ సంగతి గమనించలేదు. ఆమె ధ్యాస దవడలో ఉంది. ఆమె చూపు బల్ల చివర ఉంది.

బల్ల చివర టూత్‌పిక్కుల డబ్బా. భోజనాల తర్వాత అందులో ఒక్క పుల్ల మిగిలింది. కొన నుండి మొదలు దాకా నిటారుగా, తూణీరంలో మిగిలిన కడపటి బాణం వలె అది నిలిచి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చాపితే గది పోతుంది. చిట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు వేళ్ళతో కట్టేసుకుంది. వదిన తన చేతుల్ని కొంగులో చుట్టుకుంది. ఇద్దరూ పెదవులు విడదీయకుండా నవ్వుకున్నారు.

అప్పుడు అన్నయ్య వచ్చాడు.

అన్నయ్య ఫ్యాక్టరీలో కుట్టు విభాగం మనిషి. చెప్పు పైభాగాన్ని అట్టకు కుడతాడు. టీ విరామంలో భార్య దగ్గరికి వచ్చి గ్లాసు పట్టుకుని నిలబడటం ఆయన అలవాటు. ఆ రోజు గుమ్మంలోనే ఆగిపోయాడు. భార్య ఒక వైపు, చెల్లెలు ఒక వైపు, మాటా పలుకూ లేదు.

"మళ్ళీ గొడవా?"

ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

"మరి మాట్లాడుకోవట్లేదేంటి?"

"ఊఁ," అంది చిట్టి.

"ఊఁ," అంది వదిన.

"నేనెవరి వైపూ కాదు. ముందే చెబుతున్నా. పోయినసారి మధ్యలో వచ్చి వారం రోజులు మాటలు పడ్డా." కుర్చీ లాక్కుని కూర్చుని, పళ్ళెంలోంచి గుప్పెడు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. "ఏంటివి? బాగా వేగాయే. ఉప్పు తక్కువైంది."

ఎవరూ ఉప్పు అందించలేదు.

"వీటికి మీసాలున్నాయేంటి?" అన్నాడు, ఇంకో గుప్పెడు తీసుకుంటూ. జవాబు రాకపోయినా తినడం ఆపలేదు. పళ్ళెం ఖాళీ అయింది. ఆయన నాలుకతో ఒకసారి దవడ తడుముకుని, చెయ్యి చాపి, ఆ కడపటి బాణాన్ని అందుకుని, నోరంతా తెరిచి, పళ్ళ సందులు ఒక్కొక్కటే కుట్టుపని చేసినంత నింపాదిగా తవ్వుకుని, పుల్లను విరిచి చెత్తబుట్టలో పడేశాడు. డబ్బాలోంచి బుట్ట దాకా దాని ప్రయాణాన్ని నాలుగు కళ్ళు వెంటాడాయి.

"చిట్టీ," అంది వదిన. ఆమె మాట ఒక పక్క నుంచి వచ్చింది. "ఒకటడుగుతా. నిజం చెప్పు. ఇది మొత్తం అరుగుతుందా?"

ఒక్క మాట చాలు. అరుగుతుంది అంటే షరతు పూర్తవుతుంది, గది నిలుస్తుంది. పటంలో అచ్చుపడింది కూడా అదే. ఇంతవరకు తిరిగిన ప్రతి వంటశాలలో చిట్టి చెప్పింది కూడా అదే. పంకా తిరుగుతోంది. గోడ అవతల మిషన్లు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. జిహ్వాగ్రం, ఎవరూ పంపకుండానే, మరొకసారి ఆ మలుపు దాకా వెళ్ళి కాలిని తాకి వచ్చింది.

"అరగదు వదినా," అంది చిట్టి.

పటంలో డెబ్బై అనే అంకె మీద వేలు పెట్టింది.

"మాంసం అరుగుతుంది. అది నిజం, అందులో తేడా లేదు. పెంకు అరగదు. కాళ్ళు అసలే అరగవు. ఇక్కడ డెబ్బై అని వేశాంగా, అందులో పెంకు లెక్క కూడా కలిసిపోయింది. పెంకులోనూ నత్రజని ఉంటుంది. మా కొలతకి అది ప్రొటీనో పెంకో తెలీదు. అందరూ ఆరుంపావుతోనే వేస్తారని మేమూ వేశాం. ఐదుకి లోపు వెయ్యాలి. అలా వేస్తే యాభై దాటుతుంది, డెబ్బై రాదు." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇంకోటి. దాని కాలొకటి నా పళ్ళలో ఇరుక్కుంది. ఇందాకటి నుంచి రావట్లేదు."

"ఏ వైపు?" అంది వదిన.

"ఎడమ. పైన."

"నాకు కుడి. కింద."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎప్పట్నుంచి వదినా?"

"మొదటిది నమిలినప్పట్నుంచి. టీతో పోతుందనుకున్నా. పోతేగా!"

"మరి చెప్పవేం?"

"నువ్వు చెప్పావా? నువ్వేమో అమ్మవారి ఫొటోలా నవ్వుతూ కూర్చున్నావు. చిట్టి బాగానే మింగింది, నేను ముందు నోట్లో వేలు పెడితే జన్మంతా ఎత్తిపొడుస్తుంది అనుకున్నా."

"ఏంటి కుడీ ఎడమా?" అన్నాడు అన్నయ్య.

"మీరుండండి. ఉన్న ఒక్క పుల్లా వాడేసుకున్నారు. జేబులో దారం ఉందా?"

కుట్టు విభాగం వాళ్ళ జేబుల్లో దారం ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. అన్నయ్య చొక్కా జేబులోంచి ఒక ఉండ తీశాడు.

"ఇది నోట్లో పెట్టుకునే దారం కాదే. చెప్పులు కుట్టేది. మైనం పూసి ఉంటుంది."

"మైనం ఉంటే జారుతుంది, ఇంకా మంచిది. ఇలా ఇవ్వండి."

అంతట దర్వీహస్త ఆ పాశాన్ని రెండు తుంపులు చేసి, ఒకటి తనకు ఉంచుకుని, ఒకటి ఆడపడుచు చేత పెట్టగా, ఏ పాదరక్షలను బిగించుటకు పుట్టెనో ఆ మైనలిప్తసూత్రాన్ని చూపుడువేళ్ళకు చుట్టి, దంతద్వయమధ్యంలోనికి ఎక్కించి, ఒక మారు ముందుకూ ఒక మారు వెనకకూ రంపం కోసినట్టు లాగి, ముళ్ళ వరసకు పైగా పోనిచ్చి, చిగురు అంచున పట్టు దొరికించుకుని, కన్నులు మూసి, ఎడమ కాలు నేలకు తన్నిపట్టి, నత్రజనిగణనధురీణ ఒక్క పెట్టున కిందికి లాగగా, ఏ జిహ్వకు లొంగలేదో, ఏ వాయువుకు చలించలేదో, ఏ ఉష్ణప్రవాహానికి మెత్తబడలేదో ఆ కైటిన్‌కవచధారి దుర్గాన్ని వదిలి, గాలిలో ఒక వంపు తిరిగి, పటం మీద, డెబ్బై అనే అంకెకు కొంచెం పక్కగా పడింది.

జయము! ఎడమ దవడకు జయము! జిహ్వకు విశ్రాంతి! 'స'కారానికీ 'చ'కారానికీ స్వేచ్ఛ!

వదిన కాలు ఇంకొంతసేపు పోరాడింది. చిట్టి టార్చ్ పట్టుకుంటే, అన్నయ్య "ఇంకొంచెం కుడికి, కుడి అంటే నా కుడి" అని చెబుతుంటే, అదీ బయటికి వచ్చింది.

వదిన నోరు పుక్కిలించి వచ్చి కూర్చుంది. రెండు కాళ్ళనూ ఒక సాసరులో పెట్టి చూసింది.

"మొత్తం అరిగిపోతుంది వదినా అని నువ్వనుంటే, పళ్ళెంతోపాటు నిన్నూ బయట పెట్టేదాన్ని," అంది. "నోట్లో కాలు పెట్టుకుని వింటున్నాగా."

"అయితే పెడతావా?"

"రేపు సూప్‌లో వేస్తా. నిండువి కాదు, పిండి. అది కూడా కాళ్ళు తీసి ఆడించింది. గిన్నెకో చెంచా. ఈ పటం గోడకి అంటించుకో, డెబ్బై కొట్టేసి."

"అన్ని కాళ్ళు ఎవరు తీస్తారు?"

"మీ గాజు కడుపుని తియ్యమను."

"నేను తీస్తాలే," అన్నాడు అన్నయ్య.

"మీరు తీస్తారు, తీసినవి తింటారు," అంది వదిన. "చిట్టీ, నువ్వే తియ్యి."

ఆ సాయంత్రం కాళ్ళు తీసింది చిట్టే. సలహా ఇచ్చిన సహోద్యోగి పక్కన కూర్చుని తీశాడు.

గురువారం వంటశాల గోడకు పటం అంటించారు. డెబ్బై మీద గీత ఉంది, పక్కన పెన్నుతో రాసిన కొత్త అంకె ఉంది. సూప్ గిన్నె ముందు 'కీచురాళ్ళ పిండి కలిసింది, కాళ్ళు లేవు' అని వదిన అట్ట పెట్టించింది. అది చదివి పక్క వరసలోకి జరిగినవాళ్ళు ఎక్కువమంది. తాగినవాళ్ళు కొందరు. సూప్ సగానికి పైగా మిగిలింది. డైరెక్టర్‌కు ఫోన్ వెళ్ళింది. మనుషులు తాగారా అని ఆయన అడిగారు. తాగారని వదిన చెప్పింది. గది కీచురాళ్ళకే ఉంటుందని ఆయన అన్నారు. పుట్టగొడుగుల విభాగం వాళ్ళు టేపు చుట్టి సొరుగులో పెట్టేశారు.

సూప్ రెండోసారి అడిగి పోయించుకున్నవారు ఒకరు. ఆ ఒకరు అన్నయ్య కాదని వంటశాల ధ్రువీకరించింది.